దేవుడి గూట్లో హెచ్చరిక

నీ ఉద్యోగం ఏమిటని బంధువులు అడిగితే నేను నీళ్ళు నములుతాను. వంతెన కట్టేవాడు వంతెన చూపిస్తాడు. బోరు తవ్వేవాడు నీళ్ళు చూపిస్తాడు. నేను చూపించగలిగింది ఒక వాక్యం. ఏదైనా వ్యవస్థ తయారుచేసే ముందు, దాంట్లోకి తీగలూ తెరలూ రాకముందే, అది అసలెందుకు పుట్టాలో రాసిపెట్టాలి. ఎవరికి అవసరం, ఎప్పుడు అవసరం, ఆ అవసరం తీరిందని మనకెలా తెలుస్తుంది. దీన్ని మా ఆఫీసులో మిషన్ అంటారు. ఇంజనీర్లందరూ ఆ వాక్యం పట్టుకునే నడుస్తారు. వాక్యం తప్పయితే అందరూ ఎంతో క్రమశిక్షణతో తప్పుదారిలో పోతారు.

మా అక్కకి ఇదంతా వివరించాను ఒకసారి. కుట్టు మిషనా, పిండి మిషనా అని అడిగింది. కాదు, కాగితమ్మీద రాసేదని చెప్పాను. "ఒక్క ముక్క రాయడానికి నెల జీతమేటిరా తమ్ముడా! ఇంకో రెండు ముక్కలు రాసీ, ఇల్లు కట్టుకుందువు" అంది.

ఆ ఒక్క ముక్కే ఒకనాడు పీకల మీదికి తెచ్చింది. నా పీక అయితే ఇంత బాధ లేదు. మా బావది.

మాది సముద్రం మీద బతికిన కుటుంబమే. నేను పుట్టేనాటికి మాత్రం నాన్న వల వదిలేసి నెల్లిమర్ల వచ్చి జూట్ మిల్లులో చేరాడు. అంచేత గోనె పీచు వాసనలో పెరిగిన మత్స్యకారుణ్ణి నేను. అలలు నాకెప్పుడూ అలవాటు కాలేదు. పడవెక్కితే చేపలు పట్టడం అటుంచి, చేపలకు మేత వేసి వస్తాను, నా పొట్టలోంచే. అక్కని మాత్రం మళ్ళీ ఒడ్డుకే ఇచ్చారు, శ్రీకాకుళం వైపు ఒక చిన్న ఊరికి. అక్కడ ఇంజను పడవలు పన్నెండు. అందులో ఒకటి బావది.

మా కంపెనీ అరచేతంత పెట్టె ఒకటి తయారుచేయాలనుకుంది. ఒడ్డున టవరు పెట్టి, ఫోను అందనంత దూరంలో ఉన్న పడవలకు కూడా గాలివాన కబురు పంపడం దాని పని. మొదటి పేజీ నాకిచ్చారు. నేను గంటలో రాసేశాను: "వాతావరణ హెచ్చరికను సముద్రంలోని పడవలకు పది నిమిషాలలోపు చేరవేయడం."

మా పై అధికారి గజపతినగరం ఆవిడ. మాట మెత్తన, ప్రశ్న మొన. వాక్యం చదివి కళ్ళద్దాలు పైకి తోసుకున్నారు.

"చేరవేస్తే?"

"చేరుతుందండి."

"చేరితే?"

"తెలుస్తుందండి వాళ్ళకి."

"తెలిస్తే?"

ఈవిడకి ఈరోజు వేరే పని లేదు కాబోలు అనుకున్నాను. అంతలో ఆవిడకి వేరే పనే వచ్చింది, మీటింగుకి పిలిచారు. "సరే, ట్రయల్లో చూద్దాం" అని లేచిపోయారు. చివరి ప్రశ్న బల్ల మీదే ఉండిపోయింది. నేను దాని మీద ఫైలు పెట్టేశాను.

ఇంకొక పాపం కూడా ఇక్కడే ఒప్పుకోవాలి. పడవలో మనిషి మీట నొక్కితేనే కబురు చేరినట్టు లెక్కపెడదామని ఒక కుర్ర ఇంజనీరు అన్నాడు. నేను వద్దన్నాను. చేతుల నిండా వల ఉన్నవాడు మీట నొక్కకపోతే మన లెక్క చెడుతుంది కదా. పెట్టె అందుకోగానే తనంతట తానే జవాబిచ్చేలా చేయించాను. పెట్టె ఎక్కడుందో చూపించే సదుపాయం రెండో విడతలో చేద్దామనుకున్నాం. వాక్యంలో అది లేదు మరి.

ట్రయలు అక్క వాళ్ళ ఊళ్ళోనే పెట్టించాను. మనవాళ్ళు కదా, సహకరిస్తారు అని ఆఫీసులో చెప్పాను. అక్క వండే చేపల పులుసు సంగతి చెప్పలేదు. పెట్టెలు పంచిన రోజు ఇసకలో నిలబడి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. "ఇది చాలా విలువైన వస్తువు. జాగ్రత్తగా చూసుకోండి. పాడైతే మళ్ళీ దొరకదు." అందరూ తలలూపారు. తల ఊపితే అర్థమైనట్టే అనుకోవడం చదువుకున్నవాడికి ఉండే మూఢనమ్మకం. నీళ్ళలో పడినా పెట్టెకేమీ కాదన్న ముక్క సూచనల పుస్తకం ఏడో పేజీలో ఉంది, ఇంగ్లీషులో.

నాలుగు రోజుల తర్వాత పనితీరు చూడ్డానికి వెళ్ళాను. నేను బస్సు దిగేసరికే పడవలన్నీ వేటకి వెళ్ళిపోయాయి. అక్క చోడి అంబలి, అదే రాగి జావ, ఇచ్చింది. అరుగు మీద లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. ఆకాశం మామూలుగానే ఉంది. సముద్రం మామూలుకంటే నెమ్మదిగా ఉంది. అది మంచి లక్షణం అనుకున్నాను. నేను సముద్రం గురించి ఏది మంచిదనుకున్నా, దాని ఎదురుమాట నమ్మడం క్షేమం.

పదకొండు దాటాక నిజమైన హెచ్చరికే వచ్చింది. మధ్యాహ్నానికి ఈదురుగాలి, పెద్ద వాన, పడవలు సముద్రంలో ఉండరాదు. నాకు వేసింది భయం కాదు, సంబరం. పంపించాను. తెర మీద పన్నెండు పేర్ల పక్కన ఒక్కొక్కటే పచ్చ గుర్తు వెలిగింది. పది నిమిషాలు ఎందుకు, రెండు నిమిషాలు పట్టలేదు. ఫొటో తీసి మేడంకి పంపాను, "మిషన్ సక్సెస్" అని రాసి మరీ.

అప్పుడు లోపల్నుంచి కూత వినిపించింది. కీచుమని మూడుసార్లు, ఆగి మళ్ళీ మూడుసార్లు. ఆ కూత నాకు తెలుసు. దాన్ని ఎంచిందే నేను.

లోపలికి వెళ్ళాను. దేవుడి గూట్లో, దీపపు కుందికీ కుంకం భరిణెకీ మధ్య, పసుపు రాసి మూడు బొట్లు పెట్టిన పెట్టె. దాని మీద ఎర్ర దీపం ఆరుతూ వెలుగుతోంది. ముందు ఒక మందారపువ్వు కూడా ఉంది.

"అక్కా, ఇదేంటి ఇక్కడుంది?"

"మరెక్కడుంటాది?" అక్క కూర తరుగుతూనే అంది. "కొత్త వస్తువు. గంగమ్మకి సూపించకుండా నీటి మీదికి ఎలాగ తీసుకెల్తారు? కొత్త వలైనా, ఇంజనైనా అంతే. పండక్కి పసుపునీళ్ళు జల్లిందాక ఒడ్డు దాటదు. నువ్వే గదా జాగర్త, మల్లీ దొరకదన్నావు. మీ బావ దానికి రోజూ దండం పెట్టి మరీ ఎల్తన్నాడు."

"పండగెప్పుడు?"

"వచ్చే మంగళారం."

"ఈ సంగతి నాకు చెప్పలేదేంటి?"

"నువ్వు అడగలేదు గదరా."

"అందరూ ఇలాగే పెట్టారా?" అన్నాను. అక్క కత్తిపీట వదిలి నా మొహం చూసింది. జవాబు కోసం ఆగకుండా వీధిలోకి పరిగెత్తాను.

పక్కింట్లో కూత. టీవీ మీద, లేసు గుడ్డ కింద. ఆ తర్వాతి ఇంట్లో బియ్యం డబ్బాలోంచి. ఎదురింటి ముసలాయన పెట్టెను రెండు చేతులా పట్టుకుని, "ఇది ఆకలికి ఏడుస్తన్నాదేటి బాబూ?" అన్నాడు. ఆరో ఇంటికి తాళం వేసి ఉంది. మొగుడు వేటకి, పెళ్ళాం బజారుకి. మూసిన తలుపు వెనక నుంచి అదే కీచు, మూడుసార్లు, ఆగి మూడుసార్లు. ఎవరూ లేని ఇంట్లో ఎవరికో ప్రమాదమని అది చెబుతూనే ఉంది. ఆ తలుపు ముందు నిలబడ్డప్పుడు వచ్చిన భయం లాంటిది నేను అంతకుముందు ఎరగను. నా వ్యవస్థ ఏ లోపమూ లేకుండా పనిచేస్తోంది. ఒడ్డున ఉంటే సిగ్నలు ఇంకా బాగుంటుంది కూడా.

ఫోను తీసి బావకి చేశాను. స్విచ్ ఆఫ్. వేటలో ఫోను కవరులో చుట్టి అన్నం డబ్బాలో పడేస్తాడు. అయిదారుగురికి చేశాను. అదే గొంతు, అదే మాట.

ఒడ్డుకి వచ్చేసరికి, దక్షిణం మూల సముద్రానికీ ఆకాశానికీ మధ్య గీత చెరిగిపోయి ఉంది. కాటుక వేలితో రాసినట్టు ఒక మచ్చ. బావ తల్లి, నేను అత్త అని పిలిచే ఆవిడ, ఇసకలో ఎండుచేపలు తిరగేస్తోంది. ఆవిడ అప్పటికే లేచి నిలబడి ఆ మచ్చనే చూస్తోంది.

"అత్తా, గాలివాన వస్తోంది. పడవలకి కబురందలేదు."

"నీ పెట్టి కూసింది గదా."

"ఇళ్ళలో కూసింది."

ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండును. కొంగు ముడి విప్పి చూసుకుంది. అందులో గవ్వలు. పొద్దున్న పడవ నీళ్ళలోకి దిగినప్పుడల్లా ఒకటి ముడేసుకుని, తిరిగొచ్చినప్పుడు ఒకటి ఇసకలో పడేస్తుందట. ఈ లెక్క ఎప్పట్నుంచని నేనడగలేదు. వాళ్ళ ఇంట్లో ఆవిడ భర్త, మా మావ ఫొటోకి దండ వేసి ఉంటుంది. ఆ ఫొటోలో ఆయన నా కంటే చిన్నవాడు.

"పన్నెండు," అంది. తర్వాత ఊరివైపు తిరిగి పెట్టిన కేక నా పెట్టెలన్నీ కలిపి కూసినా రాదు. "ఓలమ్మా, రండే! పొగెట్టాల! తాటాకులు తెండి, పచ్చి సరుగుడు మండలు తెండి! బేగి!"

ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ ఇసకదిబ్బ మీదికి చేరారు. కింద ఎండు తాటాకు, మీద పచ్చి సరుగుడు. నాకూ ఒక పని ఇచ్చారు, మండలు ఈడ్చుకురావడం. అరచేతులు గీరుకుపోయాయి. ఆ మంట హాయిగా అనిపించింది, చేసిన పని ఒకటి కనబడుతోంది కదా. గాలి ఇంకా లేవలేదు. నల్లటి పొగ తిన్నగా స్తంభంలాగా లేచింది.

"ఇంత దూరం కనపడుతుందా అత్తా?"

"దగ్గిరున్నోడు సూస్తాడు. ఆడు తెడ్డుకి సొక్కా కట్టి ఎత్తుతాడు. ఆడి అవతలోడు దాన్ని సూస్తాడు. ఆడూ ఎత్తుతాడు."

"చూశారని మనకెలా తెలుస్తుంది?" అలవాటు కొద్దీ అడిగాను.

"వస్తే తెలుస్తాది."

"రాకపోతే?"

ఆవిడ ఇంకో మండ అందుకుని నిప్పు మీద వేసింది. "రాకపోతే మంట ఆపకూడదు, అల్లుడా. పొగెట్టడం కాదు పని. పడవ రావడం పని. పోయి ఆకులు తే."

మొదటి పడవ కెరటం మీదెక్కి ఇసకలోకి దూసుకొచ్చింది. తెడ్డుకి ఎర్ర చొక్కా ఉంది. ఒక గవ్వ ఇసకలో పడింది. తర్వాత రెండు కలిసి వచ్చాయి. ఆపైన ఒకటి. వచ్చినవాళ్ళెవరూ ఇళ్ళకి పోలేదు. పడవ పైకి లాగి, వెనక్కి తిరిగి సముద్రం చూస్తూ నిలబడ్డారు. నేను గవ్వలే లెక్కపెడుతున్నాను. ఏడు. ఎనిమిది. తొమ్మిదోది వచ్చేసరికి గాలి లేచింది. నిలువుగా ఉన్న పొగ ఒక్కసారి నేలకి వంగి, మా కళ్ళలోకే వచ్చింది. ఇక సముద్రం వైపు పొగ లేదు. దగ్గులున్నాయి, కన్నీళ్ళున్నాయి. అవి పొగ వల్లేనని అందరం అనుకున్నాం.

పది. పదకొండు.

కొంగులో ఒకటి మిగిలింది. బావది.

పదకొండో పడవ అతన్ని అందరూ చుట్టుముట్టారు. "సూసినాడు. నా సొక్కా సూసి సెయ్యి ఊపినాడు. వల లాగతన్నాడు. అంతవరకే నాకు తెలుసు" అన్నాడతను. అతని పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

వాన మొదలైంది. అక్క ఎప్పుడు ఇంటికి పోయిందో, ఎప్పుడు తిరిగొచ్చిందో చూడలేదు. నా ముందు నిలబడి ఉంది. చేతిలో ఆ పెట్టె. వానకి పసుపు కరిగి ఆమె వేళ్ళ మీదుగా కారుతోంది.

"తమ్ముడా, దీన్తో ఆడికి సెప్పు. బేగి రమ్మని సెప్పు. నువ్వే గదా సేసినావు."

"అక్కా, అది... అది ఇక్కడుంది కదక్కా."

ఆమెకి తెలియక కాదు. తెలిసీ అడిగింది. మనిషి మునిగేటప్పుడు గడ్డిపరక పట్టుకుంటాడంటారు. ఆ గడ్డిపరక తయారుచేసినవాడు ఎదురుగా ఉంటే, వాణ్ణి కూడా పట్టుకుంటాడు. అక్క నా చొక్కా పట్టుకుని వదల్లేదు. జేబులో ఫోను వణికింది. మేడం జవాబు. బొటనవేలు బొమ్మ, పక్కన "అభినందనలు."

ఎంతసేపు గడిచిందో చెప్పలేను. గడియారం చూడాలంటే ఫోను చూడాలి, ఫోను చూస్తే ఆ మాట కనపడుతుంది. అత్త మాత్రం ఆరిపోతున్న మంట పక్క కూచుని, తడిసిన మండల కింద తాటాకు దోపుతూనే ఉంది. వంగిన పొగైనా సరే, పొగ ఉండాలట.

"అదిగో!" అని ఎవరో అరిచారు. నాకేమీ కనపడలేదు. సముద్రమంతా ఒకటే బూడిదరంగు, అందులో తెల్లటి నురగ. వాళ్ళు చూపించిన చోట చూడగా చూడగా, ఒక నల్లటి ముక్క లేచింది. మాయమైంది. లేచింది. మాయమైనప్పుడల్లా అక్క వేళ్ళు నా చొక్కాలో బిగుసుకున్నాయి. పడవ ఆఖరి కెరటం మీద అడ్డం తిరిగింది. పదిమంది మొలలోతు నీళ్ళలోకి దూకారు. తాడు విసిరారు. నేనూ దూకాను. దూకినవాళ్ళకి అడ్డం పడ్డాను, ఒకాయన నన్ను మెడ పట్టి పక్కకి తోశాడు. అలా నా వంతు సాయం చేశాను.

బావ ఇసక మీద వెల్లకిలా పడి ఊపిరి పీల్చుకుంటున్నాడు. ఒంటి మీద చొక్కా లేదు. అక్క అతని గుండె మీద రెండు దెబ్బలు వేసి, అక్కడే కూలబడి ఏడ్చింది.

"ఆలీసం ఏటైనాదిరా?" అని అత్త అడిగింది.

"అవతల ఊరోల్ల పడవ ఒకటున్నాదమ్మా. ఆల్లకి మన పొగ ఆనదు. సొక్కా ఎత్తి, ఆల్లు తిరిగిందాక ఉన్నాను. తర్వాత వల కోసీసి వచ్చినాను." అప్పుడు నన్ను చూశాడు. లేచి కూర్చోబోయాడు. "ఏరా బావమరిదీ, నువ్వెప్పుడొచ్చినావు? నీ పెట్టి గూట్లో జాగర్తగా ఉన్నాది. ఒక్క సుక్క నీరు తగలనివ్వలేదు."

నేను నవ్వబోయాను. బయటికొచ్చింది వేరే శబ్దం.

అత్త ఆఖరి గవ్వని ఇసకలో పడేసి, కొంగు దులుపుకుని, తడిసిపోయిన ఎండుచేపల్ని ఏరుకోవడానికి వెళ్ళిపోయింది.

మేడంకి ఆ సాయంత్రమే ఫోను చేశాను. ఆ ఫొటో ఎవరికీ పంపొద్దని చెప్పి, జరిగింది చెప్పాను. "ఆ రోజు నేనూ అడగడం ఆపేశాను," అన్నారు ఆవిడ. "ఇప్పుడేం రాస్తావు?"

రాయడానికి నెల పట్టింది, అక్క అన్న నెల జీతం అప్పుడు గిట్టుబాటయింది. "వేటకి వెళ్ళిన మనిషి గాలివానకు ముందే ఒడ్డుకి చేరడం. ఆలస్యమైతే ఆ సంగతి ఒడ్డున ఉన్నవాళ్ళకి వెంటనే తెలియడం." ఏ ఊరి మనిషి అన్నది రాయలేదు, కావాలనే. చేరినట్టు ఎలా తెలుస్తుందన్న చోట, పెట్టె జవాబివ్వడం కాదు, పడవ అడుగు ఇసకకి తగలడం అని రాశాను. ఆ ఒక్క మార్పుకి మిగతా పేజీలన్నీ తిరగరాయాల్సి వచ్చింది. పెట్టె ఎక్కడుందో చూపించాలి, పక్క పడవకి కబురు అందించాలి, మనిషి మీట నొక్కాలి. పంచేముందు గంగమ్మ పండగెప్పుడో అడగాలని కూడా ఒక వరుస ఉంది. దాన్ని కొట్టేయమని ఎవరూ అనలేదు.

పచ్చ గుర్తు ఇప్పుడు పడవ ఒడ్డెక్కితేనే వస్తుంది. అప్పటిదాకా పసుపు రంగే. తెర రోజంతా పసుపుగా ఉంటే చూసేవాళ్ళకి భయమేస్తుందని ఆఫీసులో ఒకాయన అభ్యంతరం చెప్పాడు. వెయ్యనివ్వండి అన్నాను. ఒడ్డున రోజూ వేస్తూనే ఉంది, తెర ఒక్కటీ ధైర్యంగా ఉండి ఏం లాభం?

గాలివాన వెళ్ళాక వచ్చిన మంగళవారమే గంగమ్మ ముందు పెట్టెలకి పసుపునీళ్ళు జల్లారు. తర్వాత కొత్త వాక్యానికి తగ్గట్టు వాటిని సరిచేయించి, మళ్ళీ తెచ్చి పడవల్లో బిగించాక, ఒక పొద్దున్న నేనూ ఒడ్డున కూచున్నాను. అత్త పక్కనే కూచుని గవ్వలు ముడేసుకుంటోంది. ఇక ఆ లెక్క అక్కర్లేదని చెప్పబోయి, లాప్‌టాప్ తెర ఆవిడ వైపు తిప్పాను. పన్నెండు పసుపు చుక్కలు. ఆవిడ చూసింది, తల ఊపింది. తల ఊపడాన్ని నేనిప్పుడు నమ్మను.

"బాగున్నాది. నీది నువ్వు సూసుకో," అని గవ్వలు మరోసారి తడిమి చూసుకుంది.

మధ్యాహ్నానికి పదకొండు పచ్చబడ్డాయి. బావ చుక్క ఇంకా పసుపుగానే ఉంది. ఆకాశం నిర్మలంగా ఉంది, గాలి లేదు, ఆలస్యానికి వంద కారణాలుంటాయి. నేను తెర చూడ్డం మానేసి ఆవిడ కొంగు ముడినే చూస్తూ కూచున్నాను.